పూలపిల్ల పేరు

సీరియలులో కథానాయికకు కాస్త జ్వరం తగిలిందంటే చాలు, "ఆ అమ్మాయిని చంపకండి మహాప్రభో!" అని రచయితకు ఉత్తరం రాసే పాఠకులున్నారు. వాళ్ళను చూసి నేను నవ్వేవాణ్ణి. మొన్న దసరా సెలవులతో ఆ నవ్వు కట్టిపెట్టాను.

సంగతేమిటంటే, కుప్పంలో ఉంటున్న మా చెల్లెలి కొడుకు సెలవులకు మదనపల్లెలో మా యింటికి వస్తూ, బట్టల సంచీతోబాటు ప్లేస్టేషన్ కూడా మోసుకొచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి, "మామా, చిన్నప్పుడు నువ్వూ అమ్మా ఆడిన ఆటే, మళ్ళీ కొత్తగా చేశారు" అన్నాడు. తెరమీద పేరు చూడగానే నా ప్రాణం పుంగనూరు వెళ్ళిపోయింది.

అప్పట్లో మేం పుంగనూరులో ఉండేవాళ్ళం. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా పెదనాన్న కొడుకు 2000 వేసవిలో తన ప్లేస్టేషన్ మా యింట్లో వదిలి వెళ్ళాడు. దానితో మూడు సీడీల ఆట ఒకటి - 'ఫైనల్ ఫాంటసీ సెవెన్'. జపానులో స్క్వేర్ కంపెనీవారు 1997 జనవరిలో విడుదల చేసినది. గురిచూసి కాల్చిపారేసే ఆట కాదు. వేషం కట్టి ఒక కథలో బతికే ఆట. భూమి ప్రాణశక్తిని తోడి కరెంటుగా మార్చి అమ్ముకునే ఒక కంపెనీ, దాన్ని ఎదిరించే కొద్దిమంది, వాళ్ళతో కలిసిన ఒక పూలమ్మే పిల్ల - ఇదీ కథ. బొమ్మలు చూడబోతే, చేతులు ఇటుకముక్కలు. మాటలన్నీ అక్షరాల్లోనే, గొంతు లేదు.

అయితే ఆ ఆటలో ఒక మర్యాద ఉండేది. ముఖ్యమైనవాళ్ళు ఎవరు కథలోకి వచ్చినా, తెరమీద గడి తెరిచి, పేరు పెట్టే హక్కు మనకే యిచ్చేది. కథానాయకుడికి నా పేరు పెట్టుకున్నాను. పూలపిల్లకు మా చెల్లెలు తన పేరు పెట్టుకుంది.

మొదటి సీడీ చివర ఆ పిల్ల చచ్చిపోతుంది. కళ్ళుమూసుకుని ప్రార్థన చేస్తూంటే ప్రతినాయకుడు పైనుంచి దిగి కత్తి దించుతాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. చెల్లెలికి చెప్పలేదు. కథ చెడగొట్టకూడదన్నది పైకి చెప్పుకున్న కారణం. దాని ముఖం ఎల్లా మారుతుందో చూద్దామన్నది అసలు కారణం.

అది కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగింది: "యుద్ధంలో పడిపోయినోళ్ళను లేపే ఈక మన సంచీలో ఉంది కదన్నా, అది ఎందుకు వాడలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ప్రపంచంలో ఎంతోమంది పిల్లలు ఆ మాటే అడిగారు. ఆ పిల్లను బతికించే రహస్యమార్గం ఉందని పుకార్లు కూడా పుట్టాయి. అల్లాంటి మార్గమేదీ లేదు. మా చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రెండో సీడీ ముట్టుకోనేలేదు.

ఇక కొత్త ఆట సంగతి. ఇది 2020 ఏప్రిల్లో వచ్చింది. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులద్దారే, అల్లాంటిది కాదు; పాత యిల్లు తీసేసి అదే స్థలంలో మేడ కట్టారన్నమాట. పాత ఆటలో కొద్ది గంటల్లో దాటిపోయే మహానగరంలోనే ఇప్పుడు ముప్పై గంటలకు పైగా తిరగవచ్చు. మొత్తం కథ మూడు భాగాలు. రెండోది 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మనుషులకు వేళ్ళొచ్చాయి, గొంతులొచ్చాయి. కత్తియుద్ధం నాబోటివాడి వేళ్ళకు అందని జోరుమీద సాగుతుంది. మాలాంటివాళ్ళకోసం 'క్లాసిక్' అని ఒక ఏర్పాటుంది. అందులో మనవాళ్ళు తమంతట తామే కొట్లాడుతూంటారు, మనం ఆజ్ఞలిస్తే చాలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆట బాగుంది.

పూలపిల్ల ఎదురుపడినప్పుడు పేరు గడికోసం చూశాను. రాలేదు.

"పేరు మార్చడానికి లేదు మామా! అందరూ నోటితో పిలుస్తారు కదా, ఆ ఒక్క పేరే పలికి పెట్టారు" అన్నాడు మావాడు.

నిజమే. బొమ్మకు గొంతు వచ్చింది, మన పేరు పోయింది.

ఇంకో చిత్రముంది. కథ పాత దారి తప్పబోయినప్పుడల్లా బూడిదరంగు ముసుగుల దయ్యాలు వచ్చి అడ్డుపడతాయి. మనవాళ్ళు చివరకు వాటితోనే తలపడతారు. అంటే, ఈసారి ఆ పిల్ల బతకవచ్చునేమో అన్న ఆశ పెట్టారన్నమాట!

కొడుకును తీసుకుపోవడానికి చెల్లెలు కుప్పంనుంచి వచ్చింది. వాకిట్లోనే నిలబడి తెరవైపు చూసింది.

"ఈసారీ చస్తుందా?" అంది.

రెండు భాగాలూ ఆడినవాడు కనుక మేనల్లుడు నోరు తెరిచాడు. నేను కళ్ళతో వారించాను. అది చెల్లెలు చూడనే చూసింది.

"అప్పుడూ ఇట్లాగే నోరు మూసుకున్నావు!"

మూల కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ అప్పుడందుకుంది. మావైపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళదగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సుమాను ఎక్కుతాడు. చివర మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ దగ్గర కథ ముగుస్తుంది. అమ్మ ఏటా తప్పకుండా వెళ్ళేది.

"అభిమన్యుడు చస్తాడని తెలీకనా నేను పోయింది? పిల్లోడు పద్మవ్యూహంలోకి పోతా ఉంటే ఒక్కదాన్నే కూర్చోని చూళ్ళేక, పక్కింటామెను పిల్చుకొని పోయేదాన్ని" అంది.

ఇన్నేళ్ళూ నా తప్పు ముందే చెప్పకపోవడమని అనుకుంటున్నాను. కాదు. ఆ రోజు చెల్లెలి పక్కనే కూర్చుని కూడా, నేను దాని ముఖం చూస్తూ వేడుక చూశానే తప్ప, దానితో కలిసి ఆ పిల్లకోసం బాధపడలేదు.

కాస్త జరిగి చోటిచ్చాను. చెల్లెలు కూర్చుంది. మొదటి భాగంలో ఆ గండం రాదు. రెండో భాగంలో ఏమయిందో మాత్రం చెప్పను. సీరియలు పాఠకులతో పేచీ నాకెందుకు? తెరమీద వాళ్ళు ఏ పేరుతో పిలుచుకున్నా, మా యింట్లో ఆ రాత్రంతా పూలపిల్లను మా చెల్లెలి పేరుతోనే పిలిచాం.

"నా కూతురికి మంత్రాలెప్పుడు వచ్చినాయిరా?" అంటూ అమ్మ చెనక్కాయల చాట మా ముందుకు తోసింది.