సబర్ పేరుతో జబ్బును దాచవద్దు

మన ఇళ్ళలో పంటి నొప్పి గురించి నలుగురిలో చెప్పుకుంటాం. మోకాళ్ళ నొప్పి అయితే వీధి వీధంతా సలహా చెబుతుంది. ఆడపిల్ల నెలసరి నొప్పి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులు తగ్గిపోతాయి. 'నమాజు లేదు' అన్న ఒక్క మాటతో సంగతి ముగుస్తుంది. ఆ పిల్ల చాప మీద ముడుచుకుపోయి వాంతులు చేసుకుంటున్నా, నెలకు రెండు మూడు రోజులు కాలేజీ మానేస్తున్నా, 'మేమంతా పడలేదా, సబర్ చెయ్ బేటీ' అంటారు పెద్దవాళ్ళు. 'పెళ్ళయితే అదే పోతుంది' అని నానీ, 'ఒక కాన్పయితే సర్దుకుంటుంది' అని ఖాలా ఓదారుస్తారు. మంచి మనసుతో చెప్పే మాటలే. కానీ వీటివల్ల మన ఆడపిల్లలకు జరుగుతున్న నష్టం చిన్నది కాదని మా అభిప్రాయం.

నెలసరి మొదటి ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో, నడుములో నొప్పి రావడం సహజమే. గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు విడుదలై కండరాన్ని బిగిస్తాయి. వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకుంటే, మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ వంటి మాత్ర వేసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. ఈ మాత్రలు ఆ పదార్థాలు తయారు కాకుండా అడ్డుకుంటాయి. కాబట్టి నొప్పి ముదిరాక కాదు, మొదలవగానే, ఏదైనా తిని వేసుకోవాలి. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగనిదే ముట్టకూడదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా జ్వరం, దద్దుర్లతో ప్రమాదకరమైన వికారం రావచ్చని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది కూడా. మందుల షాపులో తమ్ముడి చేత తెప్పించుకుని ఏళ్ళ తరబడి మింగడం వైద్యం అనిపించుకోదు.

మాత్ర వేసుకున్నా లేవలేకపోవడం, ఏటికేడాది నొప్పి పెరగడం, నెలసరి లేని రోజుల్లో కూడా పొత్తికడుపు నొప్పి, ఆ రోజుల్లో మలవిసర్జనకు వెళ్తే ప్రాణం పోయినంత బాధ... ఇవి వేరే జబ్బుకు గుర్తులు కావచ్చు. వాటిలో ముఖ్యమైనది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరను పోలిన పొర బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుంది. సంతానం కనే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది పెళ్ళితో పోయేది కాదు. పైగా కొందరికి దీనివల్ల సంతానం కలగడమే కష్టమవుతుంది. అప్పుడు నింద ఎవరి మీద పడుతుందో పాఠకులకు చెప్పనవసరం లేదు. గర్భసంచిలో గడ్డలు, వాపు, మన దేశంలో గర్భకోశానికి సోకే క్షయ కూడా ఇలాంటి నొప్పికి కారణం కావచ్చు. స్కానింగులో ఏమీ కనిపించనంత మాత్రాన జబ్బు లేదని తేల్చలేం. ఎండోమెట్రియోసిస్ స్కానింగుకు అందకుండా ఉండడం మామూలే.

ఇలాంటి విషయాలు బయటికి చెప్పడం హయాకు విరుద్ధమని కొందరంటారు. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (ర) తనకు రక్తస్రావం ఆగడం లేదని స్వయంగా దైవప్రవక్త (స) వద్దకు వచ్చి అడిగారు. అది నెలసరి కాదని, నరానికి సంబంధించినదని ఆయన (స) విడమరచి చెప్పారు. సహజమైనది ఏది, కానిది ఏది అనే తేడా ఆనాడే చెప్పిన ధర్మం మనది. వైద్యం చేయించుకోవచ్చా అని అడిగిన ఎడారివాసులకు చేయించుకోమనే చెప్పారాయన (స). మరి ఈ సిగ్గు మనకెక్కడిది?

అసలు భయం వేరే ఉందని మాకు తెలుసు. పెళ్ళికాని పిల్లను డాక్టరు ఎలా పరీక్షిస్తారో, నలుగురికీ తెలిస్తే సంబంధం తప్పిపోతుందేమో అని తల్లులు జంకుతారు. పెళ్ళికాని అమ్మాయికి సాధారణంగా పొట్టపై నుంచే స్కానింగు చేస్తారు. లోపలి పరీక్ష వద్దని తల్లి చెప్పవచ్చు. లేడీ డాక్టరు దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యునికి చూపించడాన్ని ఉలమాలు అనుమతించారు. ఇంకో సంగతి. ఈ జబ్బుకు డాక్టర్లు తరచుగా హార్మోను మాత్రలు రాస్తారు. 'పెళ్ళికాని పిల్లకు ఫ్యామిలీ ప్లానింగ్ మాత్రలా!' అని చీటీ చించేసిన తల్లులు ఉన్నారు. వాటిని ఇక్కడ ఇచ్చేది నొప్పి తగ్గించడానికి. వాటివల్ల గొడ్రాలితనం రాదు. రక్తం గడ్డకట్టే జబ్బు, తీవ్రమైన పార్శ్వపు నొప్పి వంటివి ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

రంజాన్‌లో అయితే పరిస్థితి మరీ విచిత్రం. రోజా లేని పిల్ల కూడా అబ్బాకు, అన్నలకు తెలియకూడదని సహరీకి లేచి, పగలంతా ఉపవాసం ఉన్నట్టే నటిస్తుంది. తిని వేసుకోవలసిన మాత్ర, తినడానికి వీలులేక వేసుకోదు. షరీఅత్ ఇచ్చిన మినహాయింపును ఇంటి మగవాళ్ళ ముఖం చూసి వదులుకోవలసి రావడం శోచనీయం. తండ్రులు కనీసం ఆ పూట వంటింటి వైపు వెళ్ళకుండా ఉంటే చాలు.

ఇక అన్నిటికన్నా బాధాకరమైనది. పదిహేనేళ్ళప్పుడు ఓర్చుకోమన్న ఆ పిల్లే ముప్పై దాటి, ఇద్దరు పిల్లలు కలిగాక, అదే నొప్పితో చివరికి ఆస్పత్రి మెట్లెక్కుతుంది. 'పిల్లలున్నారుగా, సంచి తీయించేసుకో' అనే సలహా అక్కడ సిద్ధంగా ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే! అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. క్యాన్సరు, ఏ మందుకూ లొంగని రక్తస్రావం వంటి వాటికి ఆపరేషన్ తప్పకపోవచ్చు, కాదనం. కానీ సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి సంచి తీసినా నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

కాబట్టి పిల్ల మొదటిసారి కాలేజీ మానేసిన నెలనుంచే తేదీలు రాసి ఉంచండి. నొప్పి ఎన్ని రోజులుంది, ఏ మాత్రకు తగ్గింది, ఎన్ని ప్యాడ్లు మారాయి, చదువు ఎన్ని రోజులు పోయింది అనేవి రాస్తే చాలు. రెండు మూడు నెలల లెక్క తీసుకుని స్త్రీ వైద్య నిపుణురాలి వద్దకు వెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా సంచి తీయాలని ఇప్పటికే చెప్పివుంటే, జబ్బు పేరేమిటి, మందులతో ప్రయత్నించారా, అండాశయాలు ఉంచుతారా అని అడిగి, రిపోర్టులు పట్టుకుని హైదరాబాదు పేట్లబురుజు వంటి ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలోనో, జిల్లా ఆస్పత్రి స్త్రీల విభాగంలోనో మరొక డాక్టరుకు చూపించండి.