గంజాయి నారకు అనుమతి సరే, విత్తనం మాటేమిటి?

న్యూఢిల్లీ: గంజాయి మొక్కను నార కోసం, విత్తనం కోసం పండించేందుకు అనుమతినిచ్చే అధికారం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. ఉత్తరాఖండ్ 2018లో ఈ వెసులుబాటును వినియోగించుకుని, మత్తు కలిగించే టీహెచ్‌సీ 0.3 శాతం మించరాదని షరతు విధించింది. 2021లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఈ గింజలను, వాటి నూనెను, పిండిని ఆహారంగా అంగీకరించింది. అనుమతులపై చూపిన శ్రద్ధ విత్తనంపై చూపకపోవడమే విచారకరం.

సాధారణంగా ఈ మొక్క పగటి నిడివి తగ్గినప్పుడే పూస్తుంది. అందువల్ల ఐరోపా రకాలను దక్షిణాదికి తెస్తే అవి ఎదగకముందే పూతకు వస్తాయి. 1924లో రష్యా వృక్ష శాస్త్రవేత్త యానిషెవ్‌స్కీ వర్ణించిన రుడెరాలిస్ రకం ఇందుకు భిన్నమైనది. పగలు ఎంత ఉన్నా, మొలచిన మూడు నాలుగు వారాలకే అది తనంతట తాను పూస్తుంది. ఈ లక్షణం ప్రధానంగా అంతర్గతమైనది. సాధారణ రకంతో సంకరపరిస్తే తొలి తరంలో మరుగున పడి, రెండో తరంలో సుమారు నాలుగింట ఒక మొక్కలో బయటపడుతుంది. వాటిని ఏరి, తరతరాలుగా స్థిరపరచడమే ప్రజననకారుల పని.

ఢిల్లీకి ఇది కొత్త విద్య కాదు. 1960వ దశకంలో బోర్లాగ్ పంపిన మెక్సికో పొట్టి గోధుమలు పగటి నిడివిని లెక్కచేయని రకాలు. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో స్వామినాథన్ బృందం వాటిని మన నేలకు మలచింది.

అయితే తనంతట పూసే గుణం వేరు, మత్తు లేకపోవడం వేరు. టీహెచ్‌సీని శాసించే జన్యువులు వేరుగా ఉంటాయి. రెంటినీ ఒకే మొక్కలో కూర్చాలి. పైగా ఈ మొక్కలు పొట్టివి; గింజకే గాని నారకు అంతగా అక్కరకు రావు. పుప్పొడి గాలిలో ప్రయాణిస్తుంది. ఢిల్లీ, నోయిడా పరిసరాల ఖాళీ స్థలాల్లో భంగు మొక్క దానంతటదే పెరుగుతుంది. దాని పుప్పొడి సోకితే మరుసటి పంట విత్తనంలో రెండు గుణాలూ చెడిపోవచ్చు.

నష్టపోయేది రైతే. అనుమతి లేని సాగుకు చట్టంలో పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. విత్తనం దోషం వల్ల టీహెచ్‌సీ హద్దు దాటితే అనుమతి రక్షణే ప్రశ్నార్థకమవుతుంది. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట విశాఖ మన్యంలో గంజాయి తోటల నరికివేతను చూసిన తెలుగువారికి ఈ భయం వివరించనక్కరలేదు.

కాబట్టి హిమాలయ ప్రాంతపు రకాలను సేకరించి, పూసాలోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోలో భద్రపరచి, పరీక్షించిన ధ్రువీకృత విత్తనాన్ని ప్రభుత్వమే అందించాలి. ఆ విత్తనం వేసిన రైతును పంటలో తేడా వచ్చినంత మాత్రాన నేరస్థుణ్ణి చేయరాదు. లైసెన్సుల జారీకి ముందే ఈ రెండు ఏర్పాట్లూ జరగాలి.