సైనిక అకాడమీకి వారసత్వం అవసరమా?

సైనికాధికారి కొడుకే అధికారి అవుతాడనే మాట మన కోలారు జిల్లాలో తరచు వింటుంటాం. నిబంధనలు చూస్తే అది నిజం కాదు. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో వారసత్వ కోటా లేదు. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు జరిపే రాతపరీక్షకు 900 మార్కులు, ఎస్‌ఎస్‌బీ ఎంపికకు మరో 900. తండ్రి హోదాకు మార్కులేమీ లేవు.

తేడా అంతకు ముందే మొదలవుతుంది. సైనిక్ స్కూళ్లలో కొన్ని సీట్లు సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు కేటాయించారు. బదిలీలతో ఊళ్లు తిరిగే కుటుంబాలకు ఆ వెసులుబాటు న్యాయమే. అయితే వాళ్లకున్న అసలు ఆస్తి కోటా కాదు, సమాచారం. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని 'మిలిటరీ మాధవరం' అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరది. అక్కడి పిల్లలకు ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో ఇంట్లోనే తెలుస్తుంది.

కేజీఎఫ్‌లోనూ ఒక వారసత్వం ఉండేది. తాత దిగిన గనిలోకే తండ్రి, కొడుకు దిగేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడడంతో అది తెగిపోయింది. దాని స్థానంలో పిల్లలకు మనం ఏ దారి చూపించాం?

ఒక దారి ఇది. సైనిక్ స్కూలు ఆరో తరగతి ప్రవేశపరీక్షను 13 భాషల్లో రాయవచ్చు. వాటిలో తెలుగు, కన్నడ రెండూ ఉన్నాయి. మార్చి 31 నాటికి వయసు 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లున్నాయి. ఆడపిల్లలకూ ప్రవేశముంది. మన రాష్ట్రంలో విజయపుర, కొడగు స్కూళ్లున్నాయి. ఈ అవకాశం జారితే తొమ్మిదో తరగతి ప్రవేశపరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి. ఎన్‌డీఏ ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. అంటే మన ముళబాగిలు, శ్రీనివాసపుర పల్లెల్లో మాతృభాషలోనో, కన్నడంలోనో చదివే పిల్లలకు తలుపు బార్లా తెరిచి ఉండేది ఐదో తరగతిలోనే. ఆ సంగతి మనకు తెలిసేసరికి పిల్లలు పదో తరగతికి వచ్చేస్తున్నారు.

ఉగాదికి సన్మానాలు చేసే మన సంఘాలు ఏటా బడులు తెరిచిన నెలలోనే ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలవాలి. జిల్లాలోని మాజీ సైనికుల చేత మాట్లాడించాలి. నివాస, కుల ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేయించాలి. సైన్యంలో పనిచేసిన తండ్రి ఇంట్లో చెప్పే నాలుగు మాటలు మన పిల్లలకు సంఘమే చెప్పాలి.