ఒకాఫర్ చివర ఆ ‘ర్’ ఎవరిది?

బాస్కెట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లకి ఒకాఫర్ అనే పేరు తెలిసే ఉంటుంది. 2004-05 సీజన్‌లో ఎన్‌బీఏ రూకీ ఆఫ్ ద ఇయర్ ఎమెకా ఒకాఫర్. ఈ ఇంటిపేరు నైజీరియా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన ఇగ్బో వాళ్లది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చివర ఆర్ ఉంటుంది కాబట్టి మనం ‘ర్’ అని గట్టిగానే పలుకుతాం. కానీ ఇగ్బో భాషలో ఈ పేరు చివర ‘ర్’ లేనే లేదు. తెలుగులో రాస్తే దాదాపు ‘ఒకఫొ’.

మరి ఆ ఆర్ ఎలా వచ్చింది? ఇగ్బోలో ‘ఒ’ లాంటి శబ్దాలు రెండున్నాయి. ఒకటి మన ‘ఒ’కి దగ్గర. రెండోది నోరు ఇంకాస్త తెరిచి పలికేది. 1961లో ఖాయమైన ఇగ్బో రాత పద్ధతిలో ఈ రెండోదానికి ఓ అక్షరం కింద చుక్క పెడతారు. అంతకుముందు నుంచీ వాడుకలో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఆ చుక్క లేదు. ఎఫ్-ఓ-ఆర్ అనే మాటని బ్రిటిష్ వాళ్లు చివరి ఆర్ పలక్కుండా ‘ఫో’ లాగే అంటారు కదా, అందుకని ఆ శబ్దానికి గుర్తుగా ఆర్ తగిలించారు. అంటే అది పేరులోని అక్షరం కాదు, ఇంగ్లీషు చెవి కోసం పెట్టిన గుర్తు.

ఆ ఒక్క శబ్దం ఎందుకంత ముఖ్యం అంటారా? పేరు అర్థమంతా అక్కడే ఉంది. ఇగ్బోల సంప్రదాయ వారానికి నాలుగే రోజులు: ఎకె, ఒరియె, అఫొ, న్క్వొ. ఇవి సంత రోజుల పేర్లు కూడా. అలాంటి ఏడు వారాలు కలిస్తే 28 రోజుల నెల. అఫొ రోజున పుట్టిన అబ్బాయి ఒకఫొ, అమ్మాయి అయితే మ్గ్బఫొ. ఎకె రోజు పుట్టినవాడు ఒకెకె. చినువా అచెబె 1958లో రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో హీరో ఒకొంక్వొ పేరులో ఉన్నది న్క్వొ. తర్వాతి కాలంలో తండ్రి పేరే పిల్లలకి ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి ఇవాళ్టి ఒకఫొ ఏ రోజైనా పుట్టి ఉండొచ్చు, ఆ రోజు ఏ ముత్తాతదో అయి ఉండొచ్చు. చివర ‘ర్’ పెట్టి చదివితే ఆ సంత రోజు మనకి వినపడదు.

ఇది మనకి తెలియని బాధేం కాదు. ‘లత’ అనే పేరుని ఇంగ్లీషులో రాసేటప్పుడు టీ పక్కన హెచ్ పెడతాం. ఉత్త టీ రాస్తే ‘లట’ అంటారని భయం. ఆ హెచ్ చూసి ఎవరైనా ‘లథా’ అంటే నవ్వుతాం. ఆ హెచ్ ఎలాంటిదో ఒకాఫర్‌లో ఆర్ కూడా అలాంటిదే.

నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకి ఒక అలవాటుంది. ఏ దేశం పేరైనా ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తాం, దాన్నే అక్షరం అక్షరం తెలుగులోకి దించేస్తాం. మన ట్రాన్స్‌లిటరేషన్ కోడ్ కూడా ఇన్‌పుట్‌గా తీసుకునేది ఆ స్పెల్లింగునే. నా అభిప్రాయంలో ఇది మానాలి. ‘ఒ’, ‘ఓ’ విడివిడిగా ఉన్న లిపి మనది. ఇగ్బో స్వరాల హెచ్చుతగ్గులు, రెండు ‘ఒ’ల తేడా అందులో పట్టవు, నిజమే. కానీ లేని ‘ర్’ని తీసేయడానికి ఏ అడ్డూ లేదు.

‘అమెరికాలో ఆ ఇంటిపేరున్నవాళ్లే ర్ పలుకుతున్నారుగా’ అని అడగొచ్చు. పలుకుతారు, అది వాళ్లిష్టం. ఎవరి పేరు ఎలా పలకాలో చెప్పాల్సింది వాళ్లే. అందుకే ఎదురుగా మనిషి ఉంటే స్పెల్లింగ్ చూసి డిసైడ్ అవ్వకుండా ‘మీ పేరు ఎలా పలకాలి?’ అని అడుగుదాం. వాళ్లు చెప్పింది విన్నది విన్నట్టు తెలుగులో రాసుకుందాం. మనిషి ఎదురుగా లేకపోతే, ఇగ్బో మాట్లాడేవాళ్లు ఆ పేరు పలికిన వీడియో ఒకటి వెతికి విని, అప్పుడు టైప్ చేద్దాం. రెండు నిమిషాల పని.