గేటు దాకా వచ్చాం, లోపల దారి ఎవరు చెప్పాలి?

మన చౌడేపల్లె వసతిగృహ వార్షికోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమని అడిగారు. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి మన వార్డెన్ గారూ ఉపాధ్యాయులూ మాకంటే బాగా చెబుతారు. ఈ హాస్టల్లో తిని, ఇక్కడే చదివి, ఇంటిల్లిపాదిలో మొదటిసారిగా డిగ్రీ పట్టా అందుకున్న మేము చెప్పగలిగిన విషయం వేరే ఉంది. అది కళాశాలలో మొదటి సంవత్సరం, అందులోనూ మొదటి నెల గురించి.

కొత్తగా చేరిన విద్యార్థులకు పాఠాలు మొదలుపెట్టే ముందు కళాశాల పద్ధతులు తెలియజెప్పే తరగతులను ఓరియంటేషన్ కోర్సు అంటారు. ఇవి కాలయాపన అని కొందరి అభిప్రాయం. "చదివేవాడు ఎక్కడైనా చదువుతాడు, వాడికి ఇవన్నీ ఎందుకు?" అనేవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు, కళాశాలల్లోనూ ఉన్నారు. మేము ఆ మాటతో ఏకీభవించలేము. ఈ తరగతులు అందరికీ అవసరం, మన హాస్టల్ విద్యార్థులకు మరీ అవసరం. కళాశాలలు చేస్తాయని చూస్తూ కూర్చోకుండా మన వంతు పని మన హాస్టల్లోనే మొదలుపెట్టాలన్నది మా అభిప్రాయం.

గంట కొట్టని చోటు

హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మన రోజును గంట నడుపుతుంది. నిద్ర లేవడానికి గంట, టిఫిన్‌కు గంట, స్టడీ అవర్‌కు గంట. రాకపోతే ట్యూటర్ గారు పేరు పెట్టి పిలుస్తారు. ఏ కాగితం మీద ఎవరి సంతకం కావాలో వార్డెన్ గారే చూసుకుంటారు. కళాశాలలో ఇవేవీ ఉండవు. తరగతికి వెళ్ళకపోతే అడిగేవాళ్ళు ఉండరు. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు, అంతే. చదువుకున్నవాడు బాగుపడ్డాడు, చూసుకోనివాడు ఆ ఏడాది నష్టపోయాడు.

చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఈ సంగతులు అన్నం తినేటప్పుడే తెలిసిపోతాయి. వాళ్ళ అన్నో అక్కో అప్పటికే కళాశాల చూసి ఉంటారు. ఇంటర్నల్ మార్కులంటే ఏమిటి, సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోతే దాన్ని మళ్ళీ ఎప్పుడు రాయాలి, హాజరు తగ్గితే ఏమవుతుంది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేముందు ఎన్ని జిరాక్సులు తీసి పెట్టుకోవాలి - ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. మన ఇళ్ళలో అమ్మానాయనలు టమాటా తోటలకో, వేరుశెనగ చేలకో, మేస్త్రీ పనికో పోయి వచ్చినవాళ్ళు. మన మీద ప్రేమకు వాళ్ళకు కొదవ లేదు. ఈ సంగతులు మాత్రం వాళ్ళకెవరు చెప్పారని మనకు చెబుతారు?

మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాల 1915లో ఏర్పడింది. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడ బస చేసి 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. ఇవన్నీ మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. అయినా మా ఇళ్ళ నుంచి కళాశాల గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళలో మాదే మొదటి తరం. గేటు దాకా తీసుకువెళ్ళడానికి ఒక పెద్ద చరిత్రే నడిచింది. డాక్టర్ అంబేడ్కర్ గారు వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యులుగా ఉన్న కాలంలో, 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు మొదలయ్యాయి. అదీ హాస్టలూ లేకపోతే మేము ఈ వ్యాసం రాసేవాళ్ళమూ కాము. అయితే ఉపకార వేతనం ఫీజు కడుతుందే తప్ప తరగతి గదిలో దారి చూపదు.

ఒక కాగితం, ఒక చదువు

మేము డిగ్రీలో చేరింది 2020-21లో, కరోనా ఏడాది. ఆ సంవత్సరమే మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాయి. తరగతులు ఆలస్యంగా మొదలయ్యాయి. పరిచయ కార్యక్రమాలు జరగలేదు. పాఠాలు కొన్ని ఫోన్లో, కొన్ని తరగతిలో. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాయన జేబులో ఉంటే పాఠం ఎలా వినాలో ఎవరూ చెప్పలేదు.

మాతో చేరిన మిత్రుడొకడు లెక్కల్లో మా అందరికంటే చురుకైనవాడు. అప్పట్లో ఫీజు సొమ్ము తల్లి బ్యాంకు ఖాతాలో పడేది. వాళ్ళమ్మ ఖాతాకు ఆధార్ అనుసంధానం కాలేదు. సొమ్ము రాలేదు. దాన్ని ఎక్కడ సరిచేయించాలో వాడికి తెలియదు, అడగడానికి మొహమాటం. పరీక్షల ముందు ఫీజు కడితేనే హాల్ టికెట్ అన్నారు. వాడు ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. ఇప్పుడు బెంగుళూరులో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. ఆ పని తక్కువదని మేము అనడం లేదు. మా నాయనలు చేసినదీ ఆ పనే. కానీ వాడు దాన్ని ఎంచుకోలేదు. బ్యాంకులో ఒక పూట పనికి ఒక చదువు ఆగిపోయింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. అయితే ఏమి అడగాలో తెలిస్తేనే కదా అడగడం! ఫీజు పథకాల పేర్లు మారుతుంటాయి. సొమ్ము ఒక కాలంలో తల్లి ఖాతాకు వచ్చింది, మరో కాలంలో నేరుగా కళాశాలకే వెళ్ళింది. ఈ మార్పులను ఏటా కొత్తవాళ్ళకు ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి.

పేరు మారిన పాఠం

రెండో కష్టం భాష. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడపాలని నిర్ణయించారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన తమ్ముడు డిగ్రీ తరగతిలో కూర్చుని 'ఫోటోసింథసిస్' అని వింటాడు. అది తాను ఎనిమిదేళ్ళుగా చదువుతున్న కిరణజన్య సంయోగక్రియే అని వాడికి తట్టదు. వాడికి పాఠం రాక కాదు, పాఠం పేరు మారింది. పక్కవాడు తల ఊపుతుంటే తనకొక్కడికే అర్థం కాలేదనుకుని వెనక బెంచీకి జరుగుతాడు. నెల తిరిగేసరికి తరగతికి రావడమే మానేస్తాడు. హాజరు 75 శాతం కంటే తగ్గితే ఫీజు పథకానికే ఇబ్బంది వస్తుంది. ఇలా ఒకటి మరొకదాన్ని లాక్కుపోతుంది.

మొదటి రెండు వారాల్లో ప్రతి సబ్జెక్టుకు ఓ వంద మాటలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన రాయించి చెబితే ఈ భయంలో చాలా భాగం పోతుంది. ఓరియంటేషన్‌లో ఉండవలసిన అసలు పని ఇటువంటిది.

ఈ ఆలోచన ఎక్కడిది?

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1970లో విద్యార్థుల ఆందోళనలు అల్లర్ల దాకా వెళ్ళాయి. ఆ తర్వాత అధ్యక్షుడు థామస్ జోన్స్ హయాంలో, విద్యార్థికీ విశ్వవిద్యాలయానికీ మధ్య నమ్మకం పెంచాలని 1972లో 'యూనివర్సిటీ 101' అనే కోర్సు పెట్టారు. మన దేశంలో గాంధీనగర్ ఐ.ఐ.టి. 2011లో కొత్త విద్యార్థులకు ఐదు వారాల ఫౌండేషన్ కార్యక్రమం మొదలుపెట్టింది. 2017లో ఎ.ఐ.సి.టి.ఇ. ఇంజనీరింగ్ కళాశాలల్లో మూడు వారాల పరిచయ కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. 2019లో యు.జి.సి. 'దీక్షారంభ్' పేరుతో అన్ని ఉన్నత విద్యాసంస్థలకూ మార్గదర్శిక ఇచ్చింది. చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక్కో జట్టును ఒక అధ్యాపకుడికి అప్పగించాలన్నది ఇందులోని ముఖ్యమైన అంశం.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది అన్నిచోట్లా అలాగే జరగడం లేదు. మాలో కొందరు చూసిన ఒక కళాశాలలో ఓరియంటేషన్ అంటే ఒక్క పూట. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఐదుగురి ఉపన్యాసాలు, కళాశాల సాధించిన ర్యాంకుల పట్టిక. చివర్లో "స్కాలర్‌షిప్పు వాళ్ళు నిలబడండి" అని లెక్క పెట్టుకున్నారు. మొదటి రోజే అందరి ముందు అలా నిలబడిన విద్యార్థి ఆ తర్వాత సందేహం అడగడానికి నిలబడతాడా? ఆ లెక్క ఆఫీసు రిజిస్టరు చూసి తీసుకోవచ్చు.

సందేహాలకు సమాధానం

సిలబస్‌కు సమయం చాలదని కొందరు అధ్యాపకులు అంటారు. మొదటి నెలలో అర్థం కాక కూర్చున్నవాళ్ళకు చెప్పిన సిలబస్ ఎవరికి చేరినట్టు? రెండు వారాలు నేల దున్నితే తర్వాత విత్తిన గింజ మొలుస్తుంది. ఈ సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు.

హాస్టల్ పిల్లలకు విడిగా చెబితే వాళ్ళు వెనుకబడ్డవాళ్ళని ముద్ర పడుతుందని ఇంకొందరు అంటారు. ఇది ఆలోచించవలసిన మాటే. అందుకే కళాశాలలో తరగతులు అందరికీ కలిపి ఉండాలి. చెప్పేవాళ్ళలో మాత్రం మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన సీనియర్లు కూడా ఉండాలి. దీనికి ఆధారం ఉంది. నికోల్ స్టీఫెన్స్, ఆమె సహచరులు అమెరికాలో జరిపిన ఒక అధ్యయనాన్ని 2014లో ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులను రెండు జట్లు చేసి, సుమారు ఒక గంట సీనియర్ల మాటలు వినిపించారు. ఒక జట్టుకు సీనియర్లు మామూలు సలహాలు చెప్పారు. రెండో జట్టుకు తమ తల్లిదండ్రులు చదువుకున్నదీ లేనిదీ, దానివల్ల తమకు వచ్చిన ఇబ్బందులూ, వాటిని దాటిన విధమూ చెప్పారు. రెండో జట్టులో, చదువుకున్న ఇళ్ళ పిల్లలకూ తొలి తరం పిల్లలకూ మధ్య ఉండే మార్కుల తేడా ఏడాది చివరకు 63 శాతం తగ్గింది. ఒక గంట మాటలతో అన్నీ మారిపోతాయని మేము అనడం లేదు. మన ఊరి అన్న వచ్చి "నాకూ అర్థం కాలేదు, ఇలా చదివాను" అని చెబితే కలిగే ధైర్యం మాత్రం వేదిక మీది ఉపన్యాసంతో రాదు.

చదువు గురించే కాదు, రక్షణ గురించీ చెప్పాలి. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యు.జి.సి. నిబంధనలు వచ్చాయి. ఫిర్యాదు చేయడానికి 1800-180-5522 అనే ఉచిత నంబరు ఉంది. కులం పేరుతో వివక్ష చూపితే ఫిర్యాదు వినడానికి ప్రతి విద్యాసంస్థలో ఒక అధికారి ఉండాలని 2012లో యు.జి.సి. నిబంధన చేసింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించిన తర్వాత దేశమంతా ఈ విషయం చర్చించింది. అయినా తన కళాశాలలో ఆ అధికారి ఎవరో తెలిసిన మొదటి సంవత్సరం విద్యార్థి మాకు ఇంతవరకు కనబడలేదు. హక్కు ఉన్నట్టు తెలియనివాడికి ఆ హక్కు లేనట్టే.

మన హాస్టల్లో మూడు రోజులు

కాబట్టి పూర్వ విద్యార్థుల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఏటా డిగ్రీ ప్రవేశాలకు ముందు మూడు రోజులు మన వసతిగృహంలోనే తరగతులు పెడదాం. బాలికల వసతిగృహం చెల్లెళ్ళకు చెప్పడానికి, వాళ్ళ హాస్టల్లో చదివి పట్టభద్రులైన అక్కలను పిలుద్దాం.

మొదటి రోజు కాగితాల రోజు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు ఖాతా. ఏది లేదో అక్కడే చూసి, మరుసటి రోజే సచివాలయానికో బ్యాంకుకో తోడుగా వెళ్ళి సరిచేయించాలి.

రెండో రోజు తరగతి గది రోజు. సెమిస్టరు, ఇంటర్నల్ మార్కులు, హాజరు, గ్రంథాలయం, నోట్సు రాసుకునే పద్ధతి, సబ్జెక్టు మాటల జాబితా, ఇంగ్లీషులో ఒక సందేహం అడగడం. తప్పులున్నా సరే, ప్రతి ఒక్కరూ లేచి నిలబడి ఒక ప్రశ్న అడగాలి.

మూడో రోజు అమ్మానాయనల రోజు. డిగ్రీకి ఎన్నేళ్ళు పడుతుంది, ఆ తర్వాత ఏ దారులున్నాయి, పరీక్షల సమయంలో కోతలకూ జాతరకూ పిలవకుండా ఉంటే ఎంత మేలు - ఇవి వాళ్ళకు మన మాటల్లోనే చెప్పాలి. ఊరు దాటి చదివే ఆడపిల్ల గురించి వాళ్ళకుండే బెంగను గౌరవంగా విని, హాస్టల్ ఎక్కడ, బస్సు ఎన్నింటికి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ కాగితం మీద రాసి ఇవ్వాలి.

దీనికి పెద్ద ఖర్చు లేదు. మూడు పూటల భోజనం, కొన్ని జిరాక్సులు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే సరిపోతాయి. ఆ తర్వాత ఒక్కొక్కరం ఐదుగురు తమ్ముళ్ళను ఒక సెమిస్టరు పాటు చూసుకోవాలి. వారానికి ఒక ఫోను, నెలకు ఒకసారి హాజరు శాతం అడగడం. ఇంతకు మించి బరువు లేదు.

తమ్ముళ్ళూ! మీరు తెలివితక్కువవాళ్ళు కారు. ఎవరూ చెప్పని సంగతి తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిన మేము చెప్పకుండా ఊరుకుంటే అది తప్పవుతుంది. ఈ సంవత్సరానికి ఇప్పటివరకు ముందుకు వచ్చిన మా పేర్లు, ఫోన్ నంబర్లు, చదివిన సబ్జెక్టులు ఒక నోటుపుస్తకంలో రాసి వార్డెన్ గారి గదిలో పెట్టాం. పూర్వ విద్యార్థులు తమ పేర్లు అందులో చేర్చాలి. ఈ ఏడు కళాశాలలో చేరబోయేవాళ్ళు ఏ పేరు కింద కావాలంటే ఆ పేరు కింద తమ పేరు రాసుకోవాలి. ఆ మర్నాడే మేము ఫోన్ చేస్తాం.

- పూర్వ విద్యార్థుల తరఫున, ఒక పోస్టుగ్రాడ్యుయేట్
చౌడేపల్లె