పాళ్ళు తెలిసిన పానీయం

‘పంచ్’ అనే పానీయం పేరు వినగానే అది దొరల మాట అనుకుంటాము. కాని నిఘంటువులు రాసినవారిలో చాలామంది దాన్ని మన ‘పంచ’ దగ్గరికే తీసుకువస్తారు. మద్యం, తీపి, పులుపు, నీళ్ళు, సుగంధద్రవ్యం — ఈ అయిదూ కలిస్తే పంచ్. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఓడలవాళ్ళు ఇక్కడ దీని రుచి మరిగారు. పేరుతో సహా ఓడ ఎక్కించుకుపోయారు.

ఈ పంచ్‌కు రమ్ముతో నెయ్యం బాగా కుదిరిన చోటు కరిబియన్ సముద్రంలోని బార్బడోస్ దీవి. పంచదార తీయగా మిగిలే నల్లని మడ్డిని ఫ్యాక్టరీలవాళ్ళు మొలాసిస్ అంటారు. దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే దిగేది రమ్ము. అక్కడి చెరుకుతోటల్లో చాకిరీ చేసినవారు ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకువచ్చిన ఆడామగా. బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం అమలులోకి వచ్చింది 1834లో. గ్లాసులోది తియ్యగా ఉన్నా, దాని కథ తియ్యనిది కాదు.

బార్బడోస్ వారి పాళ్ళు చంటిపిల్లల లెక్కంత సులువు: పులుపు ఒకటి, తీపి రెండు, రమ్ము మూడు, నీళ్ళు నాలుగు. ఒక గ్లాసుకైతే నిమ్మరసం 15 మిల్లీలీటర్లు, పాకం 30, నల్లరమ్ము 45, చన్నీళ్ళు 60. పంచదార, నీళ్ళు సమంగా కాచి చల్లార్చితే పాకం సిద్ధం. బెల్లంతో చేసి వడకడితే నల్లరమ్ముకు మరీ నప్పుతుంది. మంచుముక్కలు వేసి కలిపి, పైన కాస్త జాజికాయ తురిమితే అయిదూ పూర్తి అయినట్లే. రమ్ము నలుపు చూసి వయసు కట్టకండి. రంగు కొంత ఓక్ పీపాలదైతే, కొంత మాడ్చిన పంచదారదీ కావచ్చు.

చిక్కల్లా నాలుగో అంకె దగ్గరే. చేయి తిరిగినవారమనుకొనేవారు నీళ్ళు తగ్గించి, రమ్ము పెంచుతారు. నిమ్మ, తీపి కలిసి ఘాటును దాచేస్తాయి. నాలుక మోసపోతుంది గాని శరీరం మోసపోదు. మన దేశపు రమ్ములో సాధారణంగా ఆల్కహాలు 42.8 శాతం. అంటే 45 మిల్లీలీటర్లలో ఇంచుమించు 19 మిల్లీలీటర్లు. ఎన్ని నీళ్ళు పోసినా ఆ 19 తగ్గదు. కనుక గ్లాసులు కాదు, పోసిన రమ్ము లెక్కపెట్టుకోవాలి. అదీ కొలగ్లాసుతో, కంటి అంచనా, రెండో గ్లాసు నాటికి ఉదారంగా తయారవుతుంది. ఖాళీ కడుపుతో తాగకూడదు. తాగిన తరువాత బండి తాళంచెవి ముట్టుకోకూడదు. మందులు వాడేవారు ముందు డాక్టరును అడగాలి. గర్భిణులకు అసలే వద్దు.

ఇక అతిథి మర్యాద. వద్దన్నవారిని “ఒక్క గుక్కేగా” అని బలవంతపెట్టడం మర్యాద కాదు, దౌర్జన్యం. రమ్ము మినహా మిగతా నాలుగూ అదే గ్లాసులో కలిపి, కాస్త అల్లంరసం చేర్చి ఇవ్వండి. అది మన పానకానికి దగ్గరి చుట్టమే. ఇంటిల్లిపాదీ తాగవచ్చు.

ఈ హెచ్చరికలన్నీ పానకంలో పుడకల్లా తోస్తే మన్నించండి. పానకం పాడయ్యేది పుడకవల్ల కాదు, పాళ్ళు తప్పినందువల్ల.