మందు నెగ్గినా మునిగే కంపెనీలు

బ్లూబర్డ్ బయో అనే అమెరికన్ కంపెనీ 2025 ఫిబ్రవరిలో కార్లైల్, ఎస్‌కే క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థలకు అమ్ముడుపోవడానికి ఒప్పందం చేసుకుంది. అప్పటికి దాని చేతిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన చికిత్సలు మూడున్నాయి. ముందుగా పలికిన ధర మాత్రం దాదాపు 2.9 కోట్ల డాలర్లే. సికిల్ సెల్ వ్యాధికి ఆ కంపెనీ ఇచ్చే లిఫ్‌జీనియా ఖరీదు ఒక్కో రోగికి 31 లక్షల డాలర్లు. అంటే పదిమంది రోగుల బిల్లుతో కంపెనీకి కంపెనీయే వచ్చేసేదన్నమాట! ఇదే సంస్థ మార్కెట్ విలువ 2018లో వెయ్యి కోట్ల డాలర్లు దాటి ఉండేది. పోనీ, చికిత్స పనిచేయలేదా అంటే అదీ లేదు. దాని మరో చికిత్స జింటెగ్లో తీసుకున్న తలసీమియా రోగుల్లో ఎక్కువమందికి రక్తం ఎక్కించుకునే అవసరమే తప్పింది.

కణాలను లేబొరేటరీలో పెంచో, మార్చో రోగి ఒంట్లోకి ఎక్కించే చికిత్సల గురించి రాసేటప్పుడు ఆమోదం దొరికిందన్న వార్తతో మనం కథ ముగించేస్తాం. మాత్రలు చేసే కంపెనీకైతే అది చాలావరకు చెల్లుతుంది. కణచికిత్సలో అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. సికిల్ సెల్ రోగినే తీసుకోండి. మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వచ్చేలా మందిచ్చి, వాటిని యంత్రంతో వేరుచేసి తీయాలి. ఒక విడతలో సరిపడా రాకపోతే రోగిని మళ్లీ పిలవాలి. లేబొరేటరీలో జన్యువు చేర్చి, పరీక్షలన్నీ దాటించి, గడ్డకట్టించి ఆసుపత్రికి చేర్చేసరికి నెలలు గడుస్తాయి. అప్పుడు బుసల్ఫాన్ అనే కీమోథెరపీ మందుతో పాత మజ్జను ఖాళీ చేసి, కొత్త కణాలు ఎక్కించి, రోగిని వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచాలి. పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చని డాక్టరు చెప్పాక పాతికేళ్ల రోగి వెనుకాడటంలో వింతేముంది? పైగా ఎవరి కణాలు వారికే. కొలత తీసుకుని కుట్టే దర్జీకి గిరాకీ పెరిగినా ఒక్కో చొక్కా మీద శ్రమ తగ్గనట్టే, ఇక్కడా రోగుల సంఖ్యతో పాటు ఖర్చూ పెరుగుతుంది. రోగులు రాని నెలలో కూడా తయారీ కేంద్రం జీతాలూ అద్దెలూ ఆగవు. ఆదాయం కనిపించేది కణాలు ఒంట్లోకి ఎక్కాకే.

ఇదే వ్యాధికి 2023 డిసెంబరులో, లిఫ్‌జీనియాకు ఆమోదం దొరికిన రోజునే, వెర్టెక్స్ కంపెనీ కాస్జెవీకి కూడా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ధర 22 లక్షల డాలర్లు. తర్వాతి ఏడాది మొత్తంలో కాస్జెవీ మీద వెర్టెక్స్‌కు వచ్చింది సుమారు కోటి డాలర్లు, అంటే అయిదుగురి బిల్లు కూడా సరిగ్గా కాదు. అయినా వెర్టెక్స్ చలించలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ మాత్రలే ప్రధానంగా ఆ కంపెనీకి ఆ ఏడాది 1,100 కోట్ల డాలర్ల రాబడి తెచ్చాయి. బ్లూబర్డ్‌కు అలాంటి వెన్నుదన్ను లేదు. అరుదైన బాల్యవ్యాధులకు మందు తెస్తే ప్రభుత్వం ఇచ్చే, వేరే మందుకు త్వరగా సమీక్ష దొరికేలా చేసే ‘ప్రాధాన్య సమీక్ష వోచర్’లను అమ్ముకుని రోజులు నెట్టుకొచ్చింది. రెండు వోచర్ల మీద దాదాపు 20 కోట్ల డాలర్లు వచ్చాయి. మూడోది కూడా వస్తుందని లెక్కవేసి ముందే బేరం కుదుర్చుకుంది. ఎఫ్‌డీఏ లిఫ్‌జీనియా చికిత్సకు సరేనని, వోచర్‌కు కాదంది. ఆమోదం దక్కిన రోజునే షేరు కుప్పకూలింది. చికిత్సల అమ్మకం మీద కంటే ప్రభుత్వ కాగితం అమ్మకం మీద ఎక్కువ ఆధారపడిన వ్యాపారాన్ని మార్కెట్ ఆ రోజు సరిగ్గానే తూచిందని నా ఉద్దేశం.

ఇజ్రాయెల్‌లో పుట్టిన గామిడా సెల్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలను పెంచి, రక్త క్యాన్సర్ రోగులకు మార్పిడి చేసే ఒమిసర్జ్‌కు 2023 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. ధర 3.38 లక్షల డాలర్లు. ఏడాది తిరగకుండానే, 2024 మార్చిలో, కంపెనీ చేతులెత్తేసింది. 2021లో 7.5 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చిన హైబ్రిడ్జ్ అనే సంస్థ దాన్ని మొత్తంగా సొంతం చేసుకుంది. మామూలు షేర్ హోల్డర్ల షేర్లు రద్దయ్యాయి. మందు మాత్రం మార్కెట్లో కొనసాగింది.

అప్పు ఇచ్చినవాడిది ముందు వరుస, షేరు కొన్నవాడిది చివరి వరుస అన్నది ఏ వ్యాపారంలోనైనా ఉన్నదే. ఈ రంగంలో అది మరింత కఠినంగా పనిచేస్తుంది. అమ్మకాలు లేని చిన్న కంపెనీ ట్రయల్స్ నడపాలంటే ఏటా కొత్త షేర్లు జారీ చేయాల్సిందే. మంచి ఫలితం వచ్చిందన్న వార్త వెలువడిన మర్నాడే ‘కొత్త షేర్ల జారీ’ ప్రకటన రావడం ఇక్కడ పరిపాటి. పాత వాటాదారుడి వంతు అలా అలా పలచబడుతుంది. షేరు డాలరు కంటే కిందికి జారితే నాస్‌డాక్ జాబితాలో నిలవడానికి పది ఇరవై షేర్లను ఒకటిగా కలిపేస్తారు. అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఫోన్‌లో ఇలాంటి షేర్లు కొనే మనవాళ్లు చూడాల్సిన మొదటి అంకె, చేతిలోని నగదు ఇంకెన్ని నెలలకు సరిపోతుందన్నది. ట్రయల్ ఫలితం దాని తర్వాతే.

జెరాన్ ఉదంతం దీనికి పాత సాక్ష్యం. పిండ మూలకణాల నుంచి తయారైన కణాలను వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి ఎక్కించే తొలి ట్రయల్‌ను ఆ కంపెనీ 2010 అక్టోబరులో ప్రారంభించింది. కాలిఫోర్నియా ప్రభుత్వ మూలకణ సంస్థ మరుసటి ఏడాది 2.5 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2011 నవంబరులో జెరాన్ అంతా ఆపేసి క్యాన్సర్ మందుల వైపు మళ్లింది. భద్రత విషయంలో ఏ తేడా వచ్చి కాదు, డబ్బు చాలక. ఆ కణాలు తర్వాత చేతులు మారి ఇప్పుడు లీనియేజ్ అనే మరో చిన్న కంపెనీ దగ్గర ఉన్నాయి.

మరి లాభపడినవాళ్లు లేరా? ఉన్నారు, ఆమోదానికి చాలా ముందే పెద్ద కంపెనీకి అమ్మేసినవాళ్లు. తన ఇద్దరు పిల్లలకు టైప్-1 మధుమేహం రావడంతో హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్ ఇన్సులిన్ కణాల తయారీ మీద పడి సెమ్మా అనే కంపెనీని స్థాపించారు. ఒక్క మనిషికీ చికిత్స ఇవ్వకముందే, 2019లో, వెర్టెక్స్ దానికి 95 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2025లో వెలువడిన ఫలితాల్లో పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. ఇదే పనిమీద సెమ్మా కంటే ఎన్నో ఏళ్ల ముందు దిగిన శాన్ డియేగో కంపెనీ వయాసైట్ 2022లో అదే వెర్టెక్స్‌కు 32 కోట్లకే చేరింది. కంటి రెటీనా కణాల మీద పనిచేసిన ఒకాటాను అస్టెల్లాస్ 37.9 కోట్లకు తీసుకుంది.

చిక్కల్లా ఇప్పుడు కొనేవాళ్లే వెనక్కి తగ్గడం. 2025 అక్టోబరులో టకేడా, నోవో నార్డిస్క్ రెండూ కణచికిత్స నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి. అదే ఏడాది ఆస్ట్రాజెనెకా, యాబ్‌వీ వరుసగా ఎసోబయోటెక్, క్యాప్‌స్టన్ కంపెనీలను కొన్నాయి. అయితే ఈ చిన్న కంపెనీలు కణాలను బయటికి తీయవు. సూదిమందుతో ఒంట్లోనే మార్చే ప్రయత్నం చేస్తున్నాయి. ఆ దారి ఫలిస్తే, కణాలను తీసి, పెంచి, ఎక్కించే కంపెనీల తయారీ కేంద్రాలకు పెట్టిన సొమ్ములో ఎక్కువ భాగం వృథాయే.

ఖరీదు తగ్గించే ప్రయత్నానికి ఒక పాత ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు రసాయనాలు పడి కాలిపోయినప్పుడు, మంచి కంటి నుంచి కణాలు తీసి పెంచి అతికించే చికిత్స యూరప్‌లో 2015లో హోలోక్లార్ పేరుతో అనుమతి పొందింది. బ్రిటన్‌లో దాని ధర కంటికి 80 వేల పౌండ్లుగా నిర్ణయించారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా మొదట లేబొరేటరీలో పెంచిన కణాలనే వాడింది. 2012లో అక్కడి వైద్యులు లేబొరేటరీయే అక్కర్లేని పద్ధతిని ప్రచురించారు. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్క తీసి, చిన్నచిన్న తునకలు చేసి, గర్భంలో శిశువును చుట్టి ఉండే ఉల్బపొర మీద నేరుగా అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. రోగికి మేలు జరిగింది, అమ్ముకోవడానికి సరుకే లేకుండా పోయింది. పెట్టుబడిదారుడికి ఇది పీడకలే.

సరుకు ఉన్న నమూనా కూడా మనకు దగ్గర్లోనే ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన ఇమ్యునోయాక్ట్ కంపెనీలో హైదరాబాద్‌కు చెందిన లారస్ ల్యాబ్స్ 2021లో 46 కోట్ల రూపాయలతో నాలుగో వంతుకు పైగా వాటా కొన్నది. ఆ కంపెనీ క్యాన్సర్ కణచికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ధర దాదాపు 40 లక్షల రూపాయలు, అమెరికా ధరలో పదో వంతు. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు, కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షలు. మిగతా సొమ్ము రోగి ఇల్లు అమ్మి తెస్తాడా, బీమా కంపెనీ ఇస్తుందా, ప్రభుత్వం భరిస్తుందా అన్నది తేలేదాకా ఏడాదికి ఇంతమంది రోగులు వస్తారని ఏ కంపెనీ వేసే అంచనానైనా సగానికి తగ్గించి చదువుకోవడం మంచిది.